మా కోడలు నేర్పిన ‘సూడు’

“తెరవాల్సింది ఒక్క తలుపు. మీరు ఇంటి తాళాలన్నీ అడుగుతున్నారు సార్,” అంది మా కోడలు, గొంతు పెంచకుండానే. రిపోర్టుల కట్ట చేతబట్టుకుని మేనేజరు గది గుమ్మంలో నిలబడి విన్నాను.

మేమిద్దరం పనిచేసేది రక్తపరీక్షల ల్యాబులో. రిపోర్టులు అందించే బల్ల నాది, కంప్యూటర్లు మా కోడలివి. వాటిని నడిపించేదాన్ని యూనిక్సు అంటారట. అందులో ‘రూట్’ అని ఒక పెద్ద యజమాని ఉంటాడు. ఆ పాస్‌వర్డు తెలిస్తే ఏదైనా చెయ్యొచ్చు, అన్నీ పాడూ చెయ్యొచ్చు. అది ఆమెకొక్కదానికే తెలుసు. రిపోర్టులు అచ్చు తీసే ప్రోగ్రాము బిగుసుకుపోయినప్పుడల్లా ఆమే పరుగెత్తి రావాలి. ఇప్పుడేమో నెలలు నిండుతున్నాయి, సెలవు పెట్టి ఇక మంచం దిగొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. సెలవు కావాలంటే పాస్‌వర్డు ఇచ్చి వెళ్లమని మేనేజరు పట్టు. ఒకసారి ఇచ్చి చూసిందే. అడ్డంగా ఉందని ఏదో తుడిచేసి, ఆ పూట రిపోర్టులన్నీ గంగలో కలిపాడు మహానుభావుడు. ఆ రోజే ఆమె పాస్‌వర్డు మార్చేసింది. మళ్లీ సూది గుచ్చించుకోవాల్సిన వాళ్ల తిట్లన్నీ తిన్నది నేను.

అందుకే ఈసారి పాస్‌వర్డు ఇవ్వనని, అచ్చు ప్రోగ్రామును మళ్లీ మొదలుపెట్టే ఒక్క పనికే బల్ల దగ్గరున్నవాళ్లకు అనుమతి ఇస్తానంది. ఎవరి పాస్‌వర్డు వాళ్లదే, ఎవరు చేశారో పేరుతో సహా కంప్యూటరులో నమోదవుతుందంది.

మేనేజరు నావైపు చూశాడు. “ఈవిడా?”

“నోరు ఎక్కువే గానీ సార్, చెప్పని పని చెయ్యరు.”

మెచ్చుకుందో దెప్పిందో నేనింకా తేల్చుకోలేదు. అతను మాత్రం మెత్తబడ్డాడు. ఈ పద్ధతి పనిచేస్తే సెలవు, లేకపోతే పాస్‌వర్డు అన్నాడు.

ఆమె తీరే అంత. కాపురానికి వచ్చిన కొత్తలో, తాళాల గుత్తి ఎప్పుడు అడుగుతుందా అని కాచుకుని కూర్చున్నాను. అడగలేదు. తన పుస్తకాలు పెట్టుకున్న అలమారా తాళం చాలంది. మంచిదో, గడుసుదో అనుకున్నాను. రెండూనని తర్వాత తెలిసింది.

నాకు నేర్పడం మొదలుపెట్టింది. ముందు ‘సుడో’ అని కొట్టాలట, అనుమతి ఉన్న పనిని రూట్ పేరు మీద చేయించే మాట అది. నాకు ‘సూడు’ అని వినిపించి, ఏం చూడాలే అన్నాను. పొట్ట పట్టుకుని నవ్వి, అలాగే గుర్తుపెట్టుకోమంది: ముందు చూడు, తర్వాత చెయ్యి. పాస్‌వర్డు కొడుతుంటే తెర మీద చుక్కయినా పడదు. కీబోర్డు చచ్చిందనుకుని అదే మాట మళ్లీ మళ్లీ బాదాను. “అది వింటోంది అత్తయ్యా, పైకి చెప్పదంతే,” అంది.

నా బుద్ధి ఊరుకుంటుందా? కంప్యూటరునే ఆపేయబోయాను. నీకు అనుమతి లేదంది తెర.

“నన్నెవరనుకుంటోందే ఇది?”

“బల్ల దగ్గరావిడ అనుకుంటోంది. మేనేజరు గారు కూర్చున్నా ఈ జవాబే.”

అప్పుడు గానీ నా మనసు కుదుటపడలేదు.

ఒక ఉదయం, మా కోడలు డాక్టరమ్మ దగ్గరికి వెళ్లినప్పుడు, జనం బల్ల మీద పడుతుండగా అచ్చు ఆగింది. మేనేజరు నా వీపు వెనకే నిలబడ్డాడు. చూశాను, కొట్టాను. గుర్రుమని కాగితాలు దిగాయి. సెలవు ఇచ్చానని మా కోడలికి తనే ఫోన్ చేశాడు.

సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి మంచం మీద పడుకునే ఒక కోరిక కోరింది.

“శాంపిళ్లు తీసుకునే అమ్మాయికీ ఆ అనుమతి పెట్టాను అత్తయ్యా. రేపటి నుంచి ఆమెకు మీరే నేర్పండి. నొప్పులొచ్చిన రోజు మీరు బల్ల దగ్గర కాదు, నా పక్కన ఉండాలి.”