సన్నాసమ్మత్త చెప్పిన గొళ్ళెం మాట

ఈ సంగతి ముప్పై ఏళ్ళకు పైగా ఎవరికీ చెప్పకుండా మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నానేమో.

ఆస్పత్రి పరికరాలు డిజైన్ చేయడం నా వృత్తి. కొత్తగా చేరినవాళ్ళకు, రోగి చెప్పింది చెప్పినట్టు రాసుకోమని పాఠాలు చెబుతాను. చెప్పిన ప్రతిసారీ నా గొంతంటే నాకే వెగటు పుడుతుంది.

మాది బెంగాల్లోని ఖరగ్‌పూర్, ఓల్డ్ సెటిల్‌మెంట్ అనే రైల్వే కాలనీ. ఎనభైల చివర్లో ఊళ్ళోనే హిజ్లీలోని కాలేజీలో ఇంజినీరింగ్ చదువుతూ, చివరి ఏడాది ప్రాజెక్టుకు మడతపెట్టే వాకర్ చేశాను, రైల్వే క్వార్టర్ల ఇరుకు గుమ్మాల్లో పట్టేలా, విప్పాక గొళ్ళెంతో బిగిసేలా. పక్కింటి సన్నాసమ్మత్త పక్షవాతం నుంచి అప్పుడప్పుడే కోలుకుంటోంది. వాడి చూడమని ఆమెకిచ్చాను. వారం తర్వాత కాగితం, పెన్ను పట్టుకుని వెళ్ళాను.

"బాగుంది గానీ పాపా, లెగిసినప్పుడు బరువేత్తే ఈ గొళ్ళెం జారిపోతంది. బయమేత్తంది."

"కొత్త కదత్తా, అలవాటైతే సర్దుకుంటాది."

"ఏటో తల్లీ. సదువుకున్నదానివి, నీకే తెలవాల."

మర్నాడు ప్రొఫెసర్లకు చూపించాలి. మార్చే వ్యవధి లేదు. వ్యవధి లేదా, మనసొప్పలేదా? 'వాడకంలో ఇబ్బంది లేదు' అని రాశాను. అందరూ మెచ్చుకున్నారు. ఆ వాకర్నే, ఆ గొళ్ళెంతోనే, ఆమెకు తిరిగిచ్చాను. మార్చి ఇస్తే నేను రాసింది అబద్ధమని ఒప్పుకున్నట్టే కదా అనుకున్నాను. ఒక మనిషి నడక కన్నా నా కాగితం మీద రాత ఎక్కువైపోయింది.

పది రోజులకు స్నానాలగదిలో వాకర్ మీద బరువేసి లేస్తుంటే, గొళ్ళెం జారి పడింది. బాగున్న కుడిచెయ్యి విరిగింది. సరిగ్గా అతకలేదు. ఆ తర్వాత కూతురు లక్ష్మే అన్నం తినిపించేది.

చూడటానికి వచ్చినవాళ్ళందరితో, బెంగాలీ దీదీలతో సహా, అత్త ఒకటే చెప్పేది. "పాప సేసింది మంచిదే. నాకే సేతకాలేదు."

నేను పక్కనే నిలబడి విన్నాను. గొళ్ళెం సంగతి ఆమె నాకు ముందే చెప్పిందని ఒక్క మాట అనాల్సింది. అనలేదు. బాగుచేస్తానని వాకర్ తీసుకుపోయి, గుట్టుగా గొళ్ళెం మార్చాను. మార్చిన ఆ నమూనా చూసే నాకు మొదటి ఉద్యోగమిచ్చారు. ఆమె నిజంగా తప్పు తనదేనని నమ్మిందా, నన్ను కాపాడిందా? తొంభైల్లో ఆమె పోయేదాకా అడగలేకపోయాను.

లక్ష్మి ఇప్పటికీ వాళ్ళమ్మ అజాగ్రత్త వల్లే పడిందనుకుంటోంది. ఆమెకింకా చెప్పలేదు. చెబుతానో లేదో తెలియదు. ఇక్కడైనా చెప్పనివ్వండి. సన్నాసమ్మత్త తన తప్పు వల్ల పడలేదు. నా వల్ల పడింది.