గొంగళ్ల గల్లీ తిన్నగా ఎందుకుంది?

నిన్న నల్గొండ బస్సులో, వానకు తడిసిన గొంగడి కప్పుకున్న గొర్లకాపరి ఒకాయన నా పక్కన కూర్చున్నాడు. ఆ తడి ఉన్ని వాసనకు యాదగిరి సారు గుర్తొచ్చారు. మా మున్సిపాలిటీలో సర్వే పని చూసే పెద్దాయన, నా మొదటి బాస్. ఏ వీధిలో అడుగుపెట్టినా "గీ పేరెట్ల వచ్చింది?" అని ఆరా తీయందే ముందుకు కదిలేవారు కాదు. మొదట్లో నాకది ముసలాయన చాదస్తం అనిపించేది.

మా ఊరు కొత్తగా మున్సిపాలిటీ అయిన రోజులవి. వీధుల బోర్డులకు జాబితా రాసే పని నాకిచ్చారు. గొంగళ్ల గల్లీలో కొత్తగా ఇళ్లు కట్టుకున్నవాళ్లు ఆ పేరు మోటుగా ఉందని, శాంతినగర్ అని మార్చమని అర్జీ పెట్టుకున్నారు. నేను కుర్చీలోంచి లేవకుండానే మార్చేసి జాబితా పైకి పంపేశాను. తర్వాత నకలు చూసిన సారు, "గల్లీ చూసినవా బిడ్డా?" అన్నారు. లేదన్నాను. "చూడకుండనే పేరు తీసేసినవా? నడువు."

అక్కడ గొంగడి కాదు కదా, గొర్రె వెంట్రుక కూడా లేదు. అన్నీ కిరాయి గదులే. సారు మాత్రం నడిమధ్యలో ఆగి, "ఊర్లె అన్ని గల్లీలు వంకరటింకర. గిదొక్కటే సక్కగ ఎందుకున్నది?" అన్నారు. నిజమే, నేనెన్నడూ గమనించలేదు. అరుగు మీద కూర్చున్న మల్లవ్వ అనే ముసలామె నవ్వింది. "మేం కురుమోళ్లం ఈడనే గొంగళ్లు నేసేటోళ్లం సారూ. గీ కొస నుంచి గా కొస దాకా ఉన్ని పోగులు సాపి, చింతగింజల గంజి పూసి ఎండబెడ్తుంటిమి. అడ్డం ఇల్లు కట్టనిచ్చేటోళ్లం గాదు. పోగులు ఆరేదాకా బండ్లు గూడ ఆగేటియి." పేరు మార్చమన్న అర్జీ గుర్తొచ్చిందేమో, అంతలోనే ఆమె మొహం మారింది. "మగ్గాలు పోయినయి. పేరు గూడ తీసేస్తే మేం ఈడ బతికినమని ఎవలకెరుక?"

నాకు తల కొట్టేసినట్టయింది. సారు కౌన్సిల్ మీటింగుకు వెళ్లి ఎంతో చెప్పి చూశారు, ఎవరూ వినలేదు. శాంతినగర్ బోర్డే లేచింది. ఆయన నన్ను తిట్టలేదు. మల్లవ్వ దగ్గరికి తనే వెళ్లి, "తప్పు మా ఆఫీసుది అవ్వా" అన్నారు. వెనకే నిలబడ్డ నా పేరు ఎత్తలేదు. తిట్టినా బాగుండేది.

సారు రిటైరయ్యారు, కొన్నాళ్లకు పోయారు. ఆయన కుర్చీలోకి నేను వచ్చాక ఫైలు వెంటపడి పాత పేరు మళ్లీ తెచ్చాను. బోర్డు పాతిన పొద్దున, చదువురాని మల్లవ్వ నాతో రెండుసార్లు చదివించుకుంది. ఇక ఆగలేక, "ఆనాడు ఈ పేరు కొట్టేసింది నేనే అవ్వా" అన్నాను.

"ఎరుకనే బిడ్డా," అంది మల్లవ్వ. "గా సారు తప్పు ఒప్పుకుంటుంటే నువ్వు నేల జూసినవు గదా."

ఇప్పటికీ ఏ పేరు మీదైనా గీత కొట్టే ముందు ఆ వీధి చివరిదాకా నడిచొస్తాను.