అక్క జబ్బుకి పేరు తెలిశాక

మా అక్క ఇంట్లోకి పక్కకి తిరిగి నడవాల్సి వచ్చేది. గుమ్మం దాటగానే కుడివైపు బియ్యం సంచుల్లో కుక్కిన పాత చీరలు. ఎడమవైపు ఖాళీ పెయింటు డబ్బాలు, పగిలిన బకెట్లు, ఏదో పెళ్లి మండపం వెనక పారేసిన థర్మాకోల్ నెమళ్లు. మధ్యలో ఒక మనిషి పట్టే దారి, దారి చివర మంచం. మంచం మీద కూడా సగం వస్తువులే. మిగిలిన సగంలో అక్క ముడుచుకుని పడుకునేది.

ఇల్లు కంకిపాడు దగ్గర కాలనీలో ఉంది. రెండు గదులు, ముందు రేకుల వసారా. బావ పోయాక అక్క ఒక్కతే ఉండేది, పిల్లలు లేరు. నేను విజయవాడ పటమటలో అపార్ట్‌మెంట్లలో ఇంటి పనులు చేసుకుంటూ ఒక గదిలో ఉంటాను. ఆదివారం పొద్దున బస్సెక్కి వెళ్లి, మా పాత చర్చిలో ఆరాధన అయ్యాక సాయంత్రం దాకా అక్క దగ్గర ఉండి వచ్చేదాన్ని.

చిన్నప్పుడు మేమిద్దరం పరిగ ఏరేవాళ్లం. కోతలయ్యాక చేలో రాలిపోయిన వెన్నులు ఏరుకోవడం కూలీల ఇళ్లలో ఆడపిల్లల పని. నేను కాసేపటికే నడుం పట్టుకుని గట్టు మీద కూర్చునేదాన్ని. అక్క వంగిందంటే మడి చివరికి వెళ్లేదాకా లేచేది కాదు. దాని కన్ను పడితే గింజ మిగలదని అమ్మ నలుగురికీ చెప్పుకుని మురిసేది. తర్వాత కోత మిషన్లు వచ్చాయి, పరిగ పోయింది. అక్క మాత్రం ఏరుతూనే ఉంది. అందుకే ఇలా అయిందని నేను అనను. మాతో పాటు పరిగ ఏరినవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్ల ఇళ్లు శుభ్రంగానే ఉన్నాయి.

కాలనీ పిల్లలు ఆమెను చెత్తమామ్మ అనేవాళ్లు. పెద్దవాళ్లు ఎదురుగా అనకపోయినా, ఇల్లు ఎక్కడని ఎవరైనా అడిగితే ఆ పేరుతోనే దారి చూపేవాళ్లు. అక్క విననట్టు ఉండేది. నేను తిట్టేదాన్ని. "నీకు సిగ్గులేదా అక్కా, మనుషులు ఉండే ఇల్లేనా ఇది" అన్న రోజులు నాకు గుర్తున్నాయి. ఆ మాట అన్నాక వచ్చే వారానికి వస్తువులు పెరిగేవే కాని తగ్గేవి కావు.

ఒకరోజు కుట్టు మిషను ఇనుప కాళ్లు జారి ఆమె పాదం మీద పడ్డాయి. అక్కకి షుగరుంది, పుండు మానలేదు. ఆసుపత్రికి తీసుకెళితే కట్టు కట్టిన డాక్టరు గారు ఇల్లెలా ఉంటుందో అడిగి తెలుసుకున్నారు. "ఆ పాదానికి మళ్లీ దెబ్బ తగిలితే తీసేయడం తప్ప దారుండదు. ముందు నడిచే దారి ఖాళీ చేయండి. పైన మానసిక వైద్యురాలున్నారు, ఒకసారి ఆవిడకి చూపించండి" అన్నారు.

పైన ఉన్న డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. అక్క చెప్పిందంతా విన్నాక ఇంగ్లీషులో ఒక పేరు చెప్పింది. తర్వాత తెలుగులో చెప్పింది.

"ఇది బద్ధకం కాదమ్మా, మురికి అలవాటూ కాదు. పారేయాలంటే మీకు లోపల ఎవరో మెలిపెట్టినట్టుంటుంది కదా?"

అక్క తలూపింది.

"ఆ మెలిపెట్టడమే జబ్బు. చాలామందికి ఉంటుంది."

నాకు విడిగా ఒక మాట చెప్పింది. వారానికి ఒక్క సంచి చాలు. ఏది పోవాలో ఆవిడే చెప్పాలి. ఆవిడను అడక్కుండా ఎవరూ దేన్నీ ముట్టుకోకూడదు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో అక్క చాలాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

"ఏమే, అయితే నేను మురికిదాన్ని కాదన్నమాట."

"కాదు."

"ఏం పేరు చెప్పింది?"

"నాకు నోరు తిరగట్లేదక్కా."

"పోన్లే. ఉందిగా ఒకటి."

బావ పోయాక అక్క ముఖం అంత తేలిగ్గా ఉండటం నేను చూడలేదు.

ఆదివారాలు సంచి పని మొదలుపెట్టాం. నేను ఒక్కో వస్తువూ ఎత్తి చూపించేదాన్ని. కడిగి, ఆరబెట్టి, మడతపెట్టిన పాల పాకెట్లు ఒక మూట నిండా ఉన్నాయి.

"ఇవి పోవచ్చా?"

"వర్షం వస్తే దేనికైనా పనికొస్తాయే."

"ఎన్ని వర్షాలు రావాలక్కా ఇన్నిటికి?"

అక్క నవ్వింది. "సగం తీసుకుపో. ఎన్ని తీశావో చెప్పకు మళ్లీ, లెక్కెట్టుకోలేదులే."

అన్ని ఆదివారాలూ అలా జరగలేదు. ఒక్కోసారి చీపురు కూడా ముట్టుకోనిచ్చేది కాదు. "నాకు జబ్బుగదా, తొందరపెట్టొద్దని డాక్టరమ్మ చెప్పలా?" అనేది. డాక్టరమ్మ చెప్పిన మాటనే తలుపుకి అడ్డం పెట్టుకుంటోందని నాకు మండేది. అయినా మూడు నెలలు గడిచేసరికి గుమ్మం నుంచి మంచం దాకా ఇద్దరం పక్కపక్కన నడవగలిగే దారి వచ్చింది. పుండు చుట్టూ కొత్త చర్మం కనిపించింది. అక్క పాదం దక్కుతుందని నమ్మకం కుదిరింది నాకు.

పక్కింటావిడ ఒక ఆదివారం గోడ మీదుగా నన్ను పిలిచి నిలదీసింది. "ఎలకలు మా వంటింట్లోకి వస్తున్నాయి. మీ అక్కకి చెప్పుకోలేక చస్తున్నాం. ఆడమనిషి ఉండే తీరేనా అది?"

"జబ్బండీ అది. డాక్టరు గారి దగ్గరికి తిరుగుతున్నాం. మందులు వాడుతోంది."

"అయ్యో, ముందే చెప్పకపోయావా" అంది ఆవిడ. ఆ మధ్యాహ్నమే గిన్నెలో పప్పుచారు పంపింది. అన్నేళ్ల తిట్టు ఒక్క మాటతో పప్పుచారు అయిపోవడం చూసి, ఊరందరికీ తెలిస్తే ఎంత బాగుంటుందో అనుకున్నాను. నేను చేసిన తప్పు అక్కడ మొదలైంది.

అక్షరాలు నేను యాభై దాటాక నేర్చుకున్నాను. ఆరాధనకి ముందు ఒక గంట పాస్టరు గారి భార్య కొంతమంది ఆడవాళ్లకి నేర్పేది. మా చర్చిలో ప్రార్థన మనవులు చీటీ మీద రాసి పెట్టెలో వేస్తారు, పాస్టరు గారు ఆరాధన చివర్లో చదివి ప్రార్థన చేస్తారు. అన్నేళ్లూ నా మనవి ఎవరిచేతనో రాయించుకున్నాను. ఎదుటివాళ్లకి చెప్పగలిగినంతే రాయించుకున్నాను. ఆ వారం మొదటిసారి నా చేత్తో నేనే రాశాను. మా అక్కకి వస్తువులు పోగేసే మానసిక జబ్బు ఉంది, స్వస్థత కోసం ప్రార్థించండి, ఆమెని ఎవరూ ఎగతాళి చేయవద్దు. రాసి రెండుసార్లు చదువుకున్నాను. తప్పుల్లేవని సంతోషించాను. అక్కని అడగాలన్న ఆలోచనే రాలేదు.

పాస్టరు గారు ఉన్నది ఉన్నట్టు చదివారు. మా చర్చి మైకు కాలనీ అంతా వినపడుతుంది. కాలు వల్ల అక్క ఆ రోజు రాలేదు. ఇంటి వసారాలో కూర్చుని ఉంది.

నేను వెళ్లేసరికి అక్కడే కూర్చుని ఉంది.

"నువ్వు రాసిందేనా?"

"అవునక్కా."

"బాగా రాశావు" అని లోపలికి వెళ్లిపోయింది. ఆ రోజు సంచి పని జరగలేదు.

మానసికం అన్న మాట ఆ వారంలోనే పిచ్చి అయింది. ఇద్దరు ఆడవాళ్లు వచ్చి ఇంట్లో ఏదో దురాత్మ ఉందని గుమ్మం దగ్గర నిలబడి ప్రార్థన చేసి వెళ్లారట. పక్కింటావిడ నాకు ఫోన్ చేసింది. "నువ్వు జబ్బంటే కాళ్లకి సంబంధించిందేమో అనుకున్నా. లోపల గ్యాసు బండుంది గదా, ఎప్పుడేం చేస్తుందో. మా ఇల్లు ఆనుకునే ఉంది" అంది.

పాస్టరు గారు మాత్రం మంచి మనసుతోనే వచ్చారు. యవ్వనస్థుల గుంపు ఒకరోజు సేవగా ఇల్లు ఖాళీ చేసి సున్నం వేసి పెడతామంటున్నారని చెప్పారు. అక్కని అడగాలండీ అన్నాను. "జబ్బు మనిషిని అడిగితే వద్దనే అంటుంది గదమ్మా. జ్వరమొచ్చిన పిల్లని అడిగి మందేస్తామా?" అన్నారు. నేను కాదనలేకపోయాను. ఆయన పెద్దరికానికి భయపడి ఒప్పుకున్నానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. కొంత నిజమే. ఆ సంచులతో నేనూ విసిగిపోయి ఉన్నాను. ఒక్కరోజులో అయిపోతే చాలనిపించింది.

అక్కని నేను డాక్టరు గారి దగ్గరికి కట్టు మార్పించడానికి తీసుకెళ్లే రోజు చూసుకుని వాళ్లు ట్రాక్టరు తెచ్చారు. ఆసుపత్రి వరుసలో కూర్చుని అక్క నాతో మామూలుగానే మాట్లాడింది. వచ్చే వారం చీరల సంచి ఒకటి తీద్దామంది, అందులో రెండు మాత్రం ఉంచుకుంటానంది. నేను సరేనన్నాను. అప్పటికి ఆ సంచి ట్రాక్టరెక్కి ఉంటుందని నాకు తెలుసు.

తిరిగొచ్చేసరికి ఇల్లు ఖాళీగా, తెల్లగా ఉంది. తడి సున్నం వాసన. మంచం, ఒక పెట్టె, వంట గిన్నెలు, గోడ మీద బావ ఫొటో. సేవకొచ్చిన చర్చి పిల్లలు చేతులు కడుక్కుంటూ సంతోషంగా "వందనాలండీ పెద్దమ్మగారూ" అన్నారు. అక్క రెండు గదుల్లోకీ వెళ్లి చూసి వచ్చింది. అడ్డమేమీ లేకపోయినా పక్కకి తిరిగే నడిచింది. వాళ్లంతా వెళ్లాక నన్ను పిలిచింది.

"నీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"చెత్తమామ్మ అన్నప్పుడు కూడా నా తలుపు నన్నడిగి తీసేవాళ్లే" అంది.

ఆ తర్వాత ఆమె ఆసుపత్రికి రాలేదు. నేను వెళితే తలుపు తీసేది కాదు. కట్టు మార్చుకుందో లేదో తెలియదు. డాక్టరమ్మ రాసిన కాగితాలన్నీ పొయ్యిలో పెట్టిందని పక్కింటావిడ చెప్పింది. నెల దాటాక వాసన వస్తోందని ఆవిడే ఫోన్ చేసింది. మేం తలుపు తోసి లోపలికి వెళ్లేసరికి పాదం నల్లబడి ఉంది. దారి మాత్రం గుమ్మం నుంచి మంచం దాకా ఖాళీగా ఉంది. ఆసుపత్రిలో మోకాలి కింద దాకా తీసేశారు.

ఇప్పుడు అక్క నా గదిలోనే ఉంటోంది. ఏదీ దాచుకోదు. టీ తాగిన గ్లాసు వెంటనే నా చేతికిచ్చేస్తుంది. నేను పనిచేసే ఇంటి మేడమ్ గారు ఇచ్చిన కొత్త దుప్పటి కూడా ఉంచుకోలేదు, నాకు అక్కర్లేదు తీసుకుపో అంది. దిండు కింద చెయ్యి పెట్టి చూశాను ఒకసారి, అక్కడా ఏమీ లేదు. చూడ్డానికి వచ్చినవాళ్లు జబ్బు పూర్తిగా నయమైందంటారు.

పోయిన నెలలో పాస్టరు గారు ఫోన్ చేశారు. మనవి నెరవేరింది కాబట్టి సంఘం ముందు సాక్ష్యం చెప్పాలన్నారు. కాలు పోయినా మనసు బాగుపడింది గదమ్మా అన్నారు. అక్కని అడిగి చెప్తానండీ అన్నాను.

అన్నం పెట్టి, పక్కన కూర్చుని అడిగాను. "అక్కా, నీ గురించి చర్చిలో చెప్పమంటున్నారు. చెప్పమంటావా?"

అక్క ముద్ద కలుపుతూ ఆగింది.

"ఇప్పుడు అడుగుతున్నావా?" అంది.

తర్వాత అన్నం తినేసి కంచం నా చేతికిచ్చింది. ఆ ఆదివారం నేను చర్చికి వెళ్లలేదు.