ఇంటూ గుర్తు లేని సున్నా

మాణిక్యమ్మ నాకు అఫ్జల్‌గంజ్ బస్టాపులో పరిచయం. చంకలో పాత గోనెసంచుల కట్ట, కొంగున గుచ్చిన దబ్బనం. హోల్‌సేల్ కొట్లలో చినిగిన సంచులకు కుట్లు వేయడం ఆమె జీవనం. నేను ఆ దగ్గరలోనే ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తాని. కోస్తా నుంచి వచ్చి సంతోష్‌నగర్‌లో ఇల్లు కట్టుకున్నవాళ్లం. బస్సు రాని ప్రతి సాయంత్రం ఒకే అరుగు మీద కూర్చునేవాళ్లం. మూడో రోజుకే నన్ను అక్కా అంది. నాకు సొంత చెల్లెళ్లు ముగ్గురున్నారు. వాళ్లెవరూ ఆ మాటను అంత నిండుగా పలకలేదు.

కొట్టువాళ్లతో ఆమె మాట దబ్బనం కంటే వాడి. ఒక సేటు కుట్టు వంకరపోయిందని సంచి విసిరేస్తే, అదే సంచిలో వంద కిలోల బియ్యం పోయించి, నువ్వే ఎత్తి చూడమని నిలబడ్డ మనిషి. లాల్‌దర్వాజాలో ఒక్క గది అద్దె ఇల్లు. ఆమెకు తోడు మనవరాలు భాగ్యశ్రీ. తండ్రి మేస్త్రీ పనిలో గోడ కూలి పోయాడు, ఏడాది తిరక్కుండా తల్లి ఆండాలు జ్వరమొచ్చి పోయింది. గల్లీకంతా తెలిసిన కథ అదే, నాకు తెలిసిందీ అదే.

పెత్తరమాస నాడు, అంటే పోయిన పెద్దల పేరున బియ్యమిచ్చే మహాలయ అమావాస్య నాడు, ఆమె ఇంటికి వెళ్తే చూడాలి. నేల అలికి, మూడు చాటల్లో బియ్యం, పప్పు, చింతపండు, తలో రెండు కూరగాయలు పెట్టేది. ఒకటి భర్త పేరున, ఒకటి అల్లుడి పేరున, ఒకటి ఆండాలు పేరున. తల్లి చాట భాగ్య తనే ఎత్తి, బియ్యం తీసుకోవడానికి వచ్చిన అయ్యగారి సంచిలో పోసేది. నాలుగేళ్ల పిల్లప్పుడు చాట మోయలేక సగం నేలపాలు చేసిందట. పదమూడేళ్లు వచ్చేసరికి ఒక్క గింజ పడకుండా పోయడం నేర్చింది.

రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక నేను ఒక ట్రస్టులో ఫారాలు నింపే పనికి కుదిరాను. తల్లిదండ్రులు లేని, లేక వాళ్ల ఆదరణ లేని ఆడపిల్లల కోసం ఆ ట్రస్టుకో హాస్టలు బడి ఉంది. భాగ్యకు లెక్కలంటే ప్రాణం. దరఖాస్తు నేనే రాశాను. సీటు ఇచ్చే ముందు ట్రస్టు మనిషి ఇంటికి నాలుగైదుసార్లు వచ్చి తిండి, ఆరోగ్యం, చుట్టాలు, భయాలు, ఆశలు అన్నీ కనుక్కొని నివేదిక రాస్తుంది. దాన్ని సమగ్ర అంచనా అంటారు. ఆ పని సాయిప్రియది. నా పాత సహోద్యోగి కూతురు, నా చేతుల్లో పెరిగిన పిల్ల.

మాణిక్యమ్మ బెదిరింది. సర్వేవాళ్లు వస్తే ఆ గల్లీలో అందరికీ మూడే జవాబులు: ఉన్నది, వస్తది, మంచిదే. బియ్యం కార్డు ఉన్నదా? ఉన్నది. పింఛను వస్తోందా? వస్తది. ఆరోగ్యం? మంచిదే. అంతకు మించి ఒక్క మాట జారినా ఏదో ఒకటి కోసేస్తారని వాళ్ల అనుభవం. నేను కసిరాను. ఈ పిల్ల సర్వే మనిషి కాదు, మన పిల్ల, మూడు ముక్కలు చెప్తే సీటు రాదు, అన్నీ విప్పి చెప్పు అన్నాను. చదువుకున్నదాన్ని కదా, సలహాలకు లోటా!

సాయిప్రియ బాగానే చేసింది, అది ఒప్పుకోవాలి. కింద చాప మీద కూర్చుంది. జొన్నరొట్టె తిని ఇంకోటి అడిగింది. రెండోసారి వచ్చినప్పుడు భాగ్యను పక్కన కూర్చోబెట్టుకుని కుటుంబ పటం గీసింది. మగవాళ్లకు చదరాలు, ఆడవాళ్లకు సున్నాలు, పోయినవాళ్ల మీద ఇంటూ గుర్తు. ప్రేమ గట్టిగా ఉన్నచోట జోడు గీత. భాగ్య తాత మీద, నాన్న మీద, అమ్మ మీద ఇంటూలు పెట్టి, తనకూ అమ్మమ్మకూ మధ్య జోడు గీత గీసి చాలదని మూడోది కూడా గీసింది. అక్షరం రాని మాణిక్యమ్మ ఆ పటాన్ని మాత్రం చదవగలిగి మురిసిపోయింది.

నాలుగోసారి భాగ్య ట్యూషన్‌కు పోయింది. సాయిప్రియ మెల్లగా, మీ మనసులో బరువు ఏదైనా ఉందా అమ్మా అని అడిగింది. మాణిక్యమ్మ నావైపు చూసింది. చెప్పేసెయ్, సాయి మన పిల్లే అన్నాను. ఆ మాట అన్న నా నోరు కాలిపోయినా బాగుండేది.

ఆండాలు చావలేదు. మొగుడు పోయిన ఏడాదిలోపే ఒక లారీ డ్రైవరుతో వెళ్లిపోయింది. నాలుగేళ్ల పిల్ల నిద్రపోతుండగా వెళ్లింది. లేచిపోయినదాని బిడ్డ అని ఎవరూ అనకూడదని మాణిక్యమ్మ పాత బస్తీలోనే ఆ మూల నుంచి ఈ మూలకు ఇల్లు మార్చి, కూతుర్ని జ్వరంతో చంపేసింది.

"అమ్మ సచ్చిపోయిందంటే పిల్ల ఏడ్సి ఊకుంటది. ఇడిసి పోయిందంటే ఎన్నటికి ఊకుంటది, బిడ్డా? గీ మాట దానికి తెల్వద్దు. నేను పోయినంక గూడ తెల్వద్దు," అంది.

సాయిప్రియ ఆమె చేయి పట్టుకుంది. "ఇది నా దగ్గరే ఉంటుందమ్మా," అంది. మాణిక్యమ్మ తొమ్మిదేళ్ల బరువు దించుకున్నట్టు ఏడ్చింది. నేనూ ఏడ్చాను, ఎంత మంచి పని చేయించానో అని.

ఇంటర్వ్యూ రోజు ట్రస్టు ఆఫీసు బల్ల మీద ముగ్గురం కూర్చున్నాం. సాయిప్రియ ఫైలు తెచ్చి, లోపలికి పిలిచేదాకా పట్టుకోమని భాగ్య చేతిలోనే పెట్టి ఫోన్ మాట్లాడుతూ నిలబడింది. పిల్ల తన పటం ఎలా వచ్చిందో చూసుకోవాలని సంబరంగా తెరిచింది. లోపల సాయిప్రియ శుభ్రంగా మళ్లీ గీసిన పటం ఉంది. కాసేపు చూసి, సంచీలోంచి పెన్ను తీసి సాయిప్రియ దగ్గరికి నడిచింది.

"అక్కా, అమ్మ మీద ఇంటూ మర్చిపోయినవ్. నేను పెట్టనా?"

సాయిప్రియ ఫోన్ చెవి దగ్గర నుంచి దించింది. మర్చిపోయానమ్మా అని ఒక్క అబద్ధం ఆడితే సరిపోయేది. ఆమె నన్ను చూసింది. నేను మాణిక్యమ్మను చూశాను. పిల్ల మా ముగ్గురి మొహాలూ వరసగా చూసింది. లెక్కలు వచ్చిన పిల్ల. మూసిన పెన్ను మళ్లీ సంచీలో వేసుకుంది.

సీటు వచ్చింది. తిరుగు బస్సులో అమ్మమ్మ పక్కన కాక ముందు సీట్లో కూర్చుంది భాగ్య. దిగాక, గల్లీ మొదట్లో ఆగి ఒక్కటే అడిగింది.

"తొమ్మిదేండ్లు నేను ఎవరికి బియ్యమిచ్చిన, అమ్మమ్మా?"

బతికున్న తల్లికి తన చేతుల్తో తద్దినం పెట్టించారని ఆ పిల్లకు అర్థమైంది. సేట్లను నిలబెట్టి కడిగిన మాణిక్యమ్మ కొంగున దబ్బనం తడుముకుంటూ ఇంటివైపు నడిచింది. పిల్ల తర్వాత గట్టిగా ఏడ్చినా బాగుండేది. వారం రోజులు అడిగినదానికి మాత్రం జవాబు చెప్పి, జూన్‌లో పెట్టె సర్దుకుని హాస్టలుకు వెళ్లిపోయింది.

సాయిప్రియను నేను వదల్లేదు. మాటిచ్చావు కదే అని నిలదీశాను. రేపు తల్లి ఉందని బయటపడితే సీటు పోతుంది ఆంటీ, సమగ్ర అంచనాలో దాచకూడదు అంది. రాయాల్సిందే అయితే ఆమెకు ముందే చెప్పాలి, వేరే కవర్లో పెట్టి అంటించాలి, పిల్ల చేతికా ఇస్తావు అన్నాను. తల దించుకుంది. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనాయని మా అమ్మ అనేది. గింజల్ని తిట్టి ఏం లాభం? నానబోసింది నేను.

మొన్న పెత్తరమాసకు వెళ్లాను. హాస్టలుకు దసరా సెలవులు ఇచ్చి రెండు రోజులైంది, భాగ్య మాత్రం కనిపించలేదు. గది అలికి ఉంది. చాటలు రెండే ఉన్నాయి. మూడోది ఖాళీగా గోడకు ఆనించి ఉంది. మాణిక్యమ్మ లేచి నాకు కుర్చీ వేసింది. ఇన్నేళ్లలో ఆ ఇంట్లో నేను కుర్చీ మీద కూర్చోలేదు. చాప మీదే కూర్చునేదాన్ని.

ఏం మాట్లాడాలో తోచక, భాగ్య హాస్టలు ఫోన్ నంబరు నీ దగ్గర ఉందా అని అడిగాను.

"ఉన్నది, మేడం."

సెలవులకు వస్తోందా అన్నాను.

"వస్తది, మేడం."

నీ ఒంట్లో ఎలా ఉంది మాణిక్యమ్మా అన్నాను. ఆమె చాటలోని బియ్యం సర్దుతూ తల ఎత్తలేదు.

"మంచిదే, మేడం."