మానని చెయ్యి

మద్దేడుకు నాలుగు కోసుల దూరంలో, అడవి కొట్టుకుని చేసుకున్న పొలాల మధ్య, నలభై గడపల ఊరు. బస్తరు సంస్థానంలోదే గానీ రాజు ఎట్లా ఉంటాడో అక్కడ చూసినవాళ్లు లేరు. ఆ ఊళ్లో ఎవరింట పెళ్లయినా, దినమయినా పొయ్యి దగ్గర బుల్లమ్మ ఉండాల్సిందే. తెలుగు కాపుల ఇళ్లకే కాదు, పక్క కోయగూడెంలోని దోర్లవాళ్ల పెళ్లిళ్లకు కూడా ఆమెనే పిలుచుకుపోయేవాళ్లు. రెండు మానికల బియ్యమైనా, రెండు బస్తాల బియ్యమైనా ఆమె చేతిలో అన్నం చిమిడేది కాదు, పలుకయ్యేది కాదు.

ఇంకో సంగతి కూడా ఉంది. కుతకుతలాడే గుండిగను మసిగుడ్డ లేకుండా దించేది. పక్కనున్న ఆడవాళ్లు నోళ్లు తెరుచుకుని చూసేవాళ్లు. "నీ చేతిని ఏ కట్టెతో చెక్కిన్రే" అని పక్కింటి సోమమ్మ వేళాకోళమాడితే బుల్లమ్మ నవ్వి ఊరుకునేది. లోపల కాస్త గర్వం. ఎందుకు ఉండకూడదు? ఒంటిమీద బంగారం లేదు, కడుపున కాయ కాయలేదు. ఉన్నదల్లా ఆ చెయ్యే.

ఆ చెయ్యి రెండేళ్ల కిందటే మొద్దుబారడం మొదలుపెట్టింది. ముందు చిటికెన వేలు, తర్వాత దాని పక్కది, తర్వాత అరచెయ్యి మొత్తం. ముంజేతి మీద రూపాయంత పాలిపోయిన మచ్చ. పొయ్యి దగ్గర బతికే చెయ్యి కాయలు కాచి గట్టిపడిందనుకుంది. ముత్యాలమ్మ చల్లగా చూసిందని కూడా అనుకుంది. చిటికెన వేలు వంగిపోయి తిన్నగా రావడం మానేస్తే, అదీ పనివల్లనే అనుకుంది. ఎవరైనా అంతే అనుకుంటారు. ఆ అడవిలో అడగడానికి వైద్యుడా, పాడా.

ముత్యాలమ్మకు వెండి కళ్లున్నాయి. పండగ నాడు తప్ప వాటిని పెట్టరు. మిగతా రోజుల్లో నూనెగుడ్డలో చుట్టి, గద్దె వెనక గూట్లో దాస్తారు. ఆ యేడు వానలు తగ్గాక గుడికి కొత్త గడ్డి కప్పే పని బుల్లమ్మ మొగుడు ముసలయ్యకు అప్పజెప్పారు. మూడు రోజులు ఒక్కడే కప్పాడు. నాలుగో రోజు పూజారి గూట్లో చెయ్యి పెడితే గుడ్డా లేదు, కళ్లూ లేవు.

ముసలయ్య మంచివాడే, కాకపోతే ఉత్త పిరికివాడు. నలుగురూ చుట్టూ చేరి "కండ్లేడున్నయి" అని అడిగేసరికి చెమటలు పట్టి నాలుక తడబడింది. తియ్యనివాడు ఎందుకు తడబడతాడు అన్నారు. పటేలు వెంకన్న మీసం మీద చెయ్యేసుకుని తీర్పు చెప్పాడు.

"ఠాణాకు పోతే ఊరి పరువు పోతది. అమ్మ సొమ్ము గదా, అమ్మనే అడుగుదాం. కాగే నూనెల ఉంగరం ఏస్తం. తియ్యమను."

ముసలయ్య సంగతి బుల్లమ్మకు తెలుసు. కాలిలో ముల్లు తియ్యబోతేనే ఇల్లెగిరిపోయేలా అరుస్తాడు. నూనెలో వేలు మునగకముందే చెయ్యి లాగేసుకుంటాడు. లాగేసుకుంటే దొంగ. నిజంగా తియ్యకపోయినా దొంగే. ఆమె చెంగు బిగించి ముందుకొచ్చింది.

"ఆయన తియ్యలే పటేలా. ఆయన మాటకు నా చెయ్యి పెడత."

మొగుడి బదులు పెళ్లాం ప్రమాణం చెయ్యడం ఆ పక్క ఊళ్లలో ఉన్నదే. పటేలు ఒప్పుకున్నాడు. బుల్లమ్మకు మనసులో చిన్న ముల్లు గుచ్చుకుంది, నొప్పి తెలియని చెయ్యి పెట్టి అమ్మను మోసం చేస్తున్నానా అని. కానీ చెప్పేది నిజమే కదా! నిజం చెప్పేదానికి నొప్పి కూడా ఎందుకు అని సర్దిచెప్పుకుంది.

మర్నాడు పొద్దున్నే గుడి ముందు మూకుడులో ఇప్పనూనె కాగింది. పూజారి ఉంగరం వేశాడు. బుల్లమ్మ మణికట్టు దాకా చెయ్యి ముంచింది. సోమమ్మ కళ్లు మూసుకుంది. ఉంగరం మూకుడు అంచుకు జారిపోయి ఎక్కడో నక్కింది. ఇంకెవరైనా అయితే తగిలితే తగిలింది లేకపోతే లేదని చటుక్కున చెయ్యి తీసేవాళ్లు. బుల్లమ్మ చింతపండులో గింజలు ఏరినట్టు తీరిగ్గా వెతికింది. మణికట్టు దగ్గర మాత్రం చురుక్కుమంది. వేళ్లకు ఏమీ తెలియలేదు. ఉంగరం తీసి పటేలు ముందు పెట్టింది. మొహంలో ఒక్క గీత మారలేదు. ఊరు ఊరంతా దణ్ణం పెట్టింది. ముసలయ్య అక్కడే కూలబడి ఏడ్చాడు.

పటేలు పసుపుగుడ్డతో చెయ్యి చుట్టి ముడి వేశాడు. ఇక్కడితో అయిపోలేదు. ఆ ప్రమాణానికి రెండో సగం ఉంది. మూడో వారపు అంగడి నాటికి పుండు ఆరిపోవాలి. ఆరితే మాట నిజం, ఆరకపోతే అబద్ధం. అప్పటిదాకా ముడి విప్పకూడదు. బుల్లమ్మకు ఆ నియమం తెలియనిది కాదు. నొప్పి ఓర్చుకోవడమే కష్టమనుకుంది గానీ మానడం కూడా ఒక కష్టమా? నిజం చెప్పినదాని పుండు మానకుండా ఎక్కడికి పోతుంది?

చెయ్యి కాలినవాళ్లు చేతిని ఒళ్లో పెట్టుకుని పసిబిడ్డలా చూసుకుంటారు. నొప్పి అట్లా చూసుకునేలా చేస్తుంది. బుల్లమ్మకు నొప్పి లేదు. వడ్లు దంచింది, నీళ్లు మోసింది, పిడకలు చరిచింది. గుడ్డ తడిసింది, ఎండింది, మళ్లీ తడిసింది. రెండో అంగడి దాటాక వాసన మొదలైంది. అదీ పసుపు పులిసిన వాసన అనుకుంది పిచ్చిది.

మూడో అంగడినాడు అందరి ముందు ముడి విప్పారు. గుడ్డతోపాటు అరచేతి తోలు ఊడి వచ్చింది. లోపల పచ్చి మాంసం, చీము. ఒక వేలి కొసన తెల్లగా ఎముక. బుల్లమ్మ తన చేతిని తానే ఎవరిదో అన్నట్టు చూసింది. పటేలు తువ్వాలు దులుపుకుని లేచాడు. ఆ పూట నుంచి ఆ ఇంటికి నిప్పు, నీళ్లు బందు. బావి దగ్గరకు రావద్దన్నారు, నిప్పు అడగవద్దన్నారు.

ఇంటికొచ్చాక ముసలయ్య గోడవైపు తిరిగి కూర్చున్నాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు.

"నేనైతే తియ్యలే."

"నాకెర్క" అంది బుల్లమ్మ.

"అమ్మ అబద్ధమాడది గదా. మరి నేను తియ్యకపోతే..." ఆమె వైపు తిరిగాడు. "నాకు సద్ది తెచ్చినప్పుడల్ల నువ్వు గూడ గుళ్లెకు వస్తివి గద బుల్లమ్మా."

ఎవడికోసం చెయ్యి నూనెలో పెట్టిందో వాడే ఆ మాట అన్నాడు. ఊరు అన్నదానికి బుల్లమ్మకు కోపం వచ్చింది గానీ దీనికి రాలేదు. ఒళ్లంతా ఆ చెయ్యిలాగే అయిపోయినట్టుంది. లేచి పొయ్యి దగ్గరకు పోయి కూర్చుంది. వెలిగించడానికి నిప్పు లేదని అప్పుడు గుర్తొచ్చింది.

చలికాలంలో టీకాల బాబు వచ్చాడు. సర్కారు మనిషి, హిందీవాడు, పెట్టె మోసేందుకు ఇద్దరు వెట్టివాళ్లు. ఊరందరికీ వేసి, చివరగా వెలి ఇంటికి వచ్చాడు. బుల్లమ్మ ఎడమ చెయ్యి చాచింది. ఆయన చూపు కుడిచేతి మీదికి పోయింది. వంగిన వేళ్లు చూశాడు, ముంజేతి మచ్చ చూశాడు. మొహం అటు తిప్పుకోమని, సూది తీసి అక్కడా ఇక్కడా పొడిచాడు.

"ఎక్కడ గుచ్చుతున్నానో చెప్పు" అన్నాడు హిందీలో. అంగళ్లలో తిరిగిన మనిషి కాబట్టి ఆమెకు ఆ భాష వచ్చు.

"ఎక్కడ గుచ్చినవ్ బాబూ? ఇంక గుచ్చనే లేదు గదా."

ఆయన సూదికంటిన నెత్తురు తుడుచుకున్నాడు. "కోఢ్" అన్నాడు. ఆ మాట ఆమెకు తెలుసు. కుష్ఠు. "ఎంత కాలినా ఈ చేతికి తెలియదు. పుండు పడితే తొందరగా మానదు. దేవతా లేదు, గీవతా లేదు. రాయపూరుకు అవతల దొరల ఆస్పత్రి ఉంది, అక్కడ నూనె సూదులు వేస్తారు. మీ పటేలుకు నేను చెప్తాలే. నీ మీద దొంగతనం పోతుంది."

ఆయన మంచికే అన్నాడు. కానీ బుల్లమ్మకు వెంటనే జోగ కళ్లముందు మెదిలాడు. జోగ దోర్ల గూడెంవాడు. ఆ రోగమే వచ్చి కాలివేళ్లు ఊడితే వాగు అవతల గుడిసె వేసి అందులో వదిలేశారు. బండమీద అన్నం పెట్టి కేక వేసి వచ్చేసేవాళ్లు. బుల్లమ్మ కూడా పెట్టింది, పెట్టి వెనక్కి చూడకుండా వచ్చేసింది. చచ్చాక గుడిసెను అతనితో సహా తగలబెట్టారు. ఏడుస్తూ వెళ్లినవాళ్లు లేరు.

దొంగకు తప్పు కట్టే దారి ఉంది. మేకను కోసి, ఊరికి అన్నం పెట్టి, చెంపలు వేసుకుంటే మళ్లీ కలుపుకుంటారు. కుష్ఠుకు ఆ దారి లేదు. రాయపూరు ఎన్ని రోజుల నడకో ఆ బాబుకే తెలియదు.

"పటేలుకు చెప్పకు బాబూ. నీ కాళ్లు మొక్కుత" అంది. ఆయన విసుక్కుని, పెట్టె ఎత్తించుకుని పోయాడు.

మర్నాడే బుల్లమ్మ గుడి ముందుకు పోయి మోకాళ్ల మీద కూర్చుంది. "నేనే తీసిన. దొరికిపోతనని బుగులుపడి వాగుల పారేసిన" అంది. ఆ మాట అని నేలకు తల ఆనించి ఏడ్చింది. పశ్చాత్తాపం అనుకున్నారు. మేక కోశారు, ఊరు తిన్నది. తిన్న చేతులతోనే తిట్టింది. ముసలయ్య ఎంత దయగలవాడంటే, "ఒప్పుకున్నవ్ గదా, సాలు" అని ఆ రోజే క్షమించేశాడు. ఆ సాయంత్రం ఒకే కంచంలో అన్నం కలిపి పెట్టాడు. బుల్లమ్మ తిన్నది. తినకేం చేస్తుంది?

ఏడాదికి పైగా దొంగగా బతికింది. పెళ్లి పొయ్యిల దగ్గరకు పిలవడం మానేశారు. ఆమె గుమ్మంలోకి వస్తే సోమమ్మ మనవరాలి కాళ్లకున్న కడియాలు చూసుకునేది. ముసలయ్య కల్లు డబ్బులు ఎక్కడో దాచి మర్చిపోయి, ముందు ఆమె చెంగు వైపు చూసేవాడు. అన్నీ మింగింది. ఒకందుకు మాత్రం ఆ పేరు పనికొచ్చింది. చేతికి గుడ్డ చుట్టుకుని తిరిగితే ఎవరూ ఏమీ అడగలేదు. అమ్మ వేసిన శిక్ష, దొంగ చెయ్యి ఎట్లా మానుతుంది అనుకున్నారు. ఎడమ పాదం కింద ఇంకో పుండు లేచింది. దానికి మోదుగాకు కట్టుకుని, కుంటకుండానే తిరిగింది. కుంటడానికి నొప్పి ఏదీ? తన ఇంట్లో, తన పొయ్యి ముందు ఉంది. అంతకన్నా ఆమె ఇంకేమీ కోరుకోలేదు.

తర్వాతి యేడు మాఘంలో గుడి గద్దె కుంగింది. తవ్వితే కింద పందికొక్కు బొరియ. బొరియలో కొరికేసిన నూనెగుడ్డ, దాంట్లో రెండు వెండి కళ్లు.

డప్పులు ఇంటిముందు మోగేసరికి బుల్లమ్మ చేటలో బియ్యం చెరుగుతోంది. పటేలు తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. పూజారి దోసిట్లో కళ్లు మెరుస్తున్నాయి. "తప్పయింది తల్లీ. తియ్యని దాన్ని తీసినవన్నం. ఎంత ఓర్పు నీది" అన్నాడు పటేలు. ఆడవాళ్లు కళ్లొత్తుకున్నారు. ఊరు ఊరంతా సంతోషంగా ఉంది. ఆ సంతోషంలో బుల్లమ్మ ఒక్కతే కుడిచెయ్యి చెంగు కింద దాచుకుంది.

"లేదు పటేలా, నేనే తీసిన" అంది. "అవి వేరే కండ్లయి ఉంటయి."

ఎవరూ వినలేదు. పిచ్చితల్లి, ఊరి మాట పోకూడదని ఇంకా అబద్ధమాడుతోందని మురిసిపోయారు. సోమమ్మ ఆమె చుట్టూ చేతులు వేసి ఏడ్చి, ఆ ఏడుపులోనే అడిగేసింది.

"నువ్వు తియ్యకపోతివి గద అక్కా. మరి నీ చెయ్యెందుకు మానలే?"

డప్పు ఆగింది. అందరికీ ఒక్కసారే ఆ ప్రశ్న తగిలింది. ముసలయ్య ముందుకొచ్చి, కన్నీళ్లతోనే, చాలా మెల్లగా, ఆమె చేతి గుడ్డ విప్పాడు. వద్దంటున్నా విప్పాడు. చిటికెన వేలు సగమే ఉంది. వెనకనుంచి ఎవరో "జోగది గూడ గిట్లనే ఉండె" అన్నారు. సోమమ్మ చేతులు తీసేసుకుని నాలుగడుగులు వెనక్కి వేసి, అరచేతులు చీరకు రుద్దుకుంది. పటేలు తలపాగా మళ్లీ చుట్టుకున్నాడు.

దొంగ అనుకున్నన్నాళ్లూ ఒకే కంచంలో తిన్న ముసలయ్య, ఏ తప్పూ లేదని తేలిన ఆ రోజే, పొద్దు గుంకకముందు, రెండు తడికలు, నాలుగు వాసాలు నెత్తిన పెట్టుకుని వాగు దాటాడు. బుల్లమ్మ పది అడుగుల వెనక నడిచింది. దగ్గరగా రావద్దని అతనే చెప్పాడు.