పాత వీధి నంబరు రేకు

మా ఇంటి గోడకు, తలుపు పక్కన, అరచేయంత చోటు తక్కిన గోడకన్నా తెల్లగా ఉంటుంది. తలుపు నంబరు రేకు ఒకప్పుడు అక్కడ ఉండేది. దానిని నాయనే మేకులతో కొట్టాడు, నాయనే పెరికాడు.

మాది బెళుగుప్ప మండలంలో ఒక పల్లె. ఊరికి పడమట ఒక వంక ఉంది. అందులో నీళ్లు పారిన రోజులకన్నా ఇసుక కాలిన రోజులే ఎక్కువ. నా చిన్నతనంలో ఆ వంక అవతలి మిట్ట మీద ప్రభుత్వం ఇళ్లు కట్టించింది. అప్పటివరకు ఊళ్లోని మూడు వీధుల్లో ఇరుకు కొట్టాల్లో ఉంటూ శనక్కాయ కూలికి పోయే కుటుంబాలన్నీ అక్కడికి చేరాయి. చేరేనాడు నాయన పాత కొట్టం నంబరు రేకును మేకులతో సహా పెరికి, తువ్వాలులో చుట్టి తెచ్చి, కొత్త గోడకు కొట్టాడు. అంతకుముందు మా బంధువొకరికి ఇల్లు మారడంతో రేషన్ కార్డు పోయి, తిరిగి రావడానికి చాలా కాలం పట్టింది. ఆ భయం నాయనను వదల్లేదు. ఆయనకు చదువు రాదు గాని, ఆ రేకు మీది అంకెలు కంఠతా వచ్చు.

"నంబరు పోతే మనిషి పోయినట్లే. మీరూ పెరికి తెచ్చుకోండప్పా" అని ఇల్లిల్లూ తిరిగి చెప్పాడు. అందరూ తెచ్చుకున్నారు. మా ఎదురింటి పెద్దమ్మ ఒంటరి మనిషి కావడంతో ఆమె రేకును నాయనే కొట్టి ఇచ్చాడు. తర్వాత కొత్త నంబర్లు వేయడానికి మనిషి వస్తే, మాకు ఉండాయి అని రేకులు చూపించి పంపేశారు.

ఆ పని ఏం చేసిందో నేను డిగ్రీ ముగించి ఇంట్లో ఉన్న ఏడు తెలిసింది. పంచాయతీ ఎన్నికలకు ముందు వార్డులను కొత్తగా విభజిస్తున్నారు. ముసాయిదా జాబితాను పంచాయతీ కార్యాలయం గోడకు అంటించారు. ఊళ్లో ఓటున్న ఎవరైనా దానిని చదివి, గడువులోగా అభ్యంతరాన్ని రాతపూర్వకంగా ఇవ్వవచ్చని కార్యదర్శి చెప్పాడు. మా మిట్ట నుంచి ఆ గోడ దగ్గర నిలబడి చదివిన మొదటి మనిషిని బహుశా నేనే.

వార్డులను తలుపు నంబర్ల వరుసన విడగొట్టారు. మా నంబర్లు పాత వీధులవి. కాబట్టి పక్కపక్క ఇళ్లలో ఉన్న మేము కాగితం మీద మూడు వార్డుల్లో చెల్లాచెదురుగా ఉన్నాం. ఏ వార్డులోనూ మా మనిషి గెలిచేంత మంది లేము. నాయనకు ఉన్న కోరిక ఒక్కటే. మిట్టకంతా కలిపి ఒక వార్డు, మాలోంచి ఒక మెంబరు. ఎండాకాలం నీళ్ల ట్యాంకరు వంక దగ్గరే ఆగిపోయేది. అమ్మ బిందెలతో ఆ ఇసుకలో నడిచి నడిచి నడుము పోగొట్టుకుంది. పంచాయతీలో కూర్చుని ట్యాంకరును వంక దాటించమని అడిగేవాళ్లు మాకు లేరు.

నేను రెండు పేజీల అర్జీ రాశాను. మా దాహం, మా దారి, అమ్మ నడుము, అన్నీ రాశాను. కార్యదర్శి దానిని ఓపికగా చదివాడు.

"బాధ బాగా చెప్పినావమ్మా. అభ్యంతరం యాడ ఉండాది? గీత యాడ గీయాల్నో అది రాయి."

తిరిగి రాశాను. వంకను హద్దుగా తీసుకోవాలనీ, దాని పడమటి ఇళ్లన్నిటినీ ఒకే వార్డులో చేర్చాలనీ, ఒక చిన్న పటం గీసి మరీ రాశాను. అయితే ఆ ఇళ్లు అక్కడ ఉన్నట్టు రికార్డులో లేదని అతడే చెప్పాడు. పాత నంబర్లు వదులుకుంటామని, కొత్తవి వేయమని ఇంటింటివాళ్లూ సంతకం చేసి ఇస్తే అభ్యంతరాల మీద జరిగే విచారణలో బలం ఉంటుందన్నాడు.

ఆ మాట నాయనకు చెప్పడం నాకు కష్టమైంది. మరునాడు పొద్దున్నే ఆయన కొడవలి మొనతో రేకును పెరికి, అది చేతపట్టుకుని ఇల్లిల్లూ తిరిగాడు. వెనక నేను అర్జీతో నడిచాను. చాలా ఇళ్లకు తాళాలు వేసి ఉన్నాయి. వాళ్లంతా పనులకు బెంగళూరు పోయారు. ఉన్నవాళ్లకు రేషన్ భయం. పెద్దమ్మ అయితే వాకిట్లోనే నిలేసింది.

"ఆ పొద్దు తెచ్చుకోమంటివి, ఈ పొద్దు పారేయమంటావు. నీకెన్ని నోర్లప్పా?"

నాయన తల వంచుకుని నవ్వడానికి ప్రయత్నించాడు. పదకొండు ఇళ్ల సంతకాలు, వేలిముద్రలు దొరికాయి. అర్జీ ఇచ్చి రసీదు తీసుకున్నాను.

విచారణ మండల కార్యాలయంలో జరిగింది. అధికారి మర్యాదస్తుడు. నా పటం చూశాడు, వంక గురించి అడిగాడు. తర్వాత నాయన వైపు తిరిగి, మీ తలుపు నంబరెంత అని అడిగాడు.

నాయన చేతులు కట్టుకుని, బడిపిల్లవాడు పాఠం అప్పజెప్పినట్టు, పాత వీధి నంబరు తడుముకోకుండా చెప్పాడు. ఆయనకు వచ్చిన అంకెలు అవే. అధికారి కలం కింద పెట్టాడు. ఇల్లిల్లూ విచారించడానికి ఇప్పుడు గడువు లేదనీ, వచ్చేసారి ముందుగానే నంబర్లు మార్పించుకుని రమ్మనీ చెప్పాడు. తుది జాబితాలో ఏ మార్పూ రాలేదు.

ఆనాడు బస్సు దిగి వంక దాటుతుండగా నాయన ఆగాడు.

"అందరికీ చెప్పింది నేనే గదా పాపా."

రెండేళ్ల తర్వాత ఆయన పోయాడు. మరణ ధ్రువీకరణ పత్రంలో చిరునామా పాత వీధిదే పడింది. ఆ కొట్టం ఇప్పుడు లేదు. మొండిగోడ మాత్రం ఉంది.

ఈ ఏడు కొత్త నంబర్ల దరఖాస్తు పట్టుకుని నేను మళ్లీ ఇల్లిల్లూ తిరుగుతున్నాను. బెంగళూరు పోయినవాళ్లు ఊరికి వచ్చిన రోజు చూసుకుని అడిగితే, కొందరు సంతకాలు పెడుతున్నారు. పెద్దమ్మ కూడా వేలిముద్ర వేయడానికి ఒప్పుకుంది. రేకు తీస్తానంటే మాత్రం అడ్డం వచ్చింది.

"అది మీ నాయన కొట్టిన మేకు. ఉండనీలే."

వేలిముద్ర వేయించుకుని, రేకును అలాగే వదిలి, పక్క ఇంటికి పోయాను.