ముందు గేటు నుంచే

మా ఎదురు గది బావ పోయాడు. పోయిన మంగళవారం ఉదయం టీ తెచ్చే ఆవిడ ఆయన తలుపు కొట్టి కొట్టి, చివరికి నా తలుపు కొట్టింది. వెళ్లి చూస్తే గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. పిలిచాను. నేను పిలిస్తే పలకకపోవడం ఆయన ఎప్పుడూ చెయ్యని పని.

ఈ వార్త మా నోటీసు బోర్డు మీద కనబడదు. కళ్ల పరీక్ష, శనివారం భజన, వాటర్ ట్యాంకు కడిగే రోజు అక్కడ ఉంటాయి. చావు ఉండదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మాది పెందుర్తి దాటాక ఉన్న రిటైర్మెంట్ కమ్యూనిటీ. వృద్ధాశ్రమం అంటే మా మేనేజరుకు కోపం. మా మీద కథలు రాసేవాళ్లంటే నాకు కోపం. బతుకంతా చదువుతూనే గడిపాను కనుక ఆ హక్కు నాకుంది. ఆ కథల్లో మేం కిటికీ ఊచలు పట్టుకుని ఏడుస్తూ ఉంటాం. మేనేజరు అచ్చు వేయించిన బ్రోచర్లో పళ్లన్నీ కనబడేలా నవ్వుతూ ఉంటాం. ఆ పళ్లు మావి కావు. నిజానికి మేం రోజులో ఎక్కువ భాగం సాంబారు గురించి పోట్లాడుకుంటూ ఉంటాం.

ఆదివారం వచ్చే కుటుంబాల తీరు వేరు. లిఫ్టు చూస్తారు, బాత్రూములో పట్టుకునే కడ్డీని ఊపి చూస్తారు, ఒక ముద్ద తిని, "ఎంత ప్రశాంతంగా ఉందో, మాకే వచ్చి ఉండిపోవాలనిపిస్తోంది" అంటారు. వాళ్లకు తగిన జవాబు నేను మనసులో దాచుకునేవాణ్ణి. బావ పైకే అనేసేవాడు. "ఉండిపో బాబూ. నా పక్క గది కాళీయే. రేపట్నుంచి నీకూ పప్పు ఎట్టమంటాను." వాళ్లు నవ్వేసి కారెక్కేవారు.

ఆయనది సముద్రం మీద చేపల వేటకు వెళ్లే ఒడ్డు కుటుంబం. మాది కృష్ణా జిల్లా నుంచి పోర్టు ఉద్యోగానికి వచ్చి ఇక్కడే నిలిచిపోయిన ఇల్లు. ఏ చుట్టరికమూ లేదు. నేను చేరిన మర్నాడు భోజనాల దగ్గర నా పుస్తకాన్ని పక్కకు జరిపి, తన పళ్లెం పెట్టుకుని, "ఏటి బావా, తిన్నప్పుడు కూడా సదవాలా?" అన్నాడు. ఆ చనువు నాకు నచ్చలేదు. కానీ నన్ను అలా పిలిచే మనుషులు ఎప్పుడో అయిపోయారు. ఊరుకున్నాను.

కొన్ని ఆదివారాలు తెల్లారకముందే బస్సెక్కి ఫిషింగ్ హార్బరుకు వెళ్లిపోయేవాడు. వేలంపాట చూసి, తమ్ముడింట్లో పులుసు తిని, మధ్యాహ్నానికి తిరిగొచ్చేవాడు. మా వంటింట్లో చేప నిషేధం. పుట్టి బుద్ధెరిగి చేప ముట్టని నన్ను కూర్చోబెట్టి, తిన్నదంతా ముక్క ముక్కగా చెప్పేవాడు. "సెప్తే అంటుకోదులే బావా, ఇను." వర్ణనలు నేను చాలా చదివాను. ఆకలి పుట్టించింది అదొక్కటే.

ఉక్కునగరం క్వార్టర్లో చాలాకాలం ఉన్నాడు. రిటైరయ్యాక, భార్య పోయాక, గాజువాకలో కూతురింట్లో కొన్నాళ్లు ఉండి, తనంతట తనే ఇక్కడికి వచ్చాడు. కూతురు వద్దని ఏడ్చింది. "సెడ్డ పిల్ల కాదు బావా, బంగారం. కానీ ఆళ్లింట్లో టీవీ సౌండు తగ్గించమనాలంటే నాకు మొగమాటం. ఇక్కడైతే నిన్ను తిట్టొచ్చు." ఈ చోటు గురించి ఇంతకంటే తిన్నగా ఎవరూ చెప్పగా నేను వినలేదు. ఆ కూతురు మాత్రం బంధువులకు, నాన్న పెందుర్తిలో సొంత ఫ్లాటు కొనుక్కున్నాడని చెప్పింది. బావకు ఆ సంగతి తెలుసు. "సెప్పుకోనీ, దానికేటి సిగ్గో" అని వదిలేసేవాడు.

ఉక్కు కర్మాగారంలో ఒక ఆచారం ఉంది. నెలాఖరున ఎవరైనా రిటైరైతే తోటివాళ్లు దండ వేసి, శాలువా కప్పి, డప్పులతో గేటు దాకా నడిపించి, జీపులో ఇంటికి దిగబెడతారు. బావ ఉన్న డిపార్టుమెంటులో ఆ ఏర్పాట్లన్నీ ఆయనవే. ఎవరికీ గిట్టని ఒక ఫోర్‌మన్‌కు కూడా అంతే ఆర్భాటంగా చేశాడట. ఎందుకని అడిగాను. "మంచోడా సెడ్డోడా అని కాదు బావా. కూడా పనిసేసినోళ్లకి మనిసి ఎల్లడం కనపడాల. లేకపోతే రేపు ఆడి కుర్సీ సూసి బయపడతాం."

కిందటేడు పై అంతస్తు టీచరమ్మ పోయింది. ఆ పూట డైనింగ్ హాలు తలుపులు మూసి, టీవీ పెద్దగా పెట్టి, మాకు ఉప్మా వడ్డించారు. ఈలోగా ఆమెను వంటింటి వెనక గేటు నుంచి పంపేశారు. గ్యాసు సిలిండర్లు వచ్చే గేటది. సంగతి తెలిసి బావ మేనేజరు గదికి వెళ్లాడు. నేనూ వెంట ఉన్నాను.

"టీచరమ్మని గేస్ బండల దారిలో పంపేసినారేటి బాబూ?"

"పెద్దవాళ్లు డిస్టర్బ్ అవుతారండి. ఫ్యామిలీస్ కూడా అదే అడుగుతారు."

"కూడా తిన్న మనిసి పోతే డిస్టర్బ్ అవ్వకపోతే, మేవు బతికున్నామని నీకెలా తెలుస్తాది?"

అప్పుడు మేనేజరు అసలు మాట చెప్పాడు. గదులు చూడ్డానికి వచ్చేవాళ్లు ముందు గేటు నుంచే వస్తారట. మా రెసిడెంట్ల సంఘం అధ్యక్షుడు, పెద్ద హోదాలో రిటైరైన మనిషి, అది సబబే అన్నాడు. ఆయన ఇది చదువుతాడని నాకు తెలుసు. ఈ వాక్యం దగ్గర ఆగుతాడనీ తెలుసు. మీటింగు పెడితే మాలో సగం మంది ఆయన వైపే చేతులెత్తారు. చూడకపోతే తమ దాకా రాదని వాళ్ల ఆశ కాబోలు.

ఆ సాయంత్రం బావ నా మంచం మీద కూర్చుని, "నా వంతుకి ముందు గేటే బావా. నువ్వు సూసుకోవాల" అన్నాడు. సరేనన్నాను. అనడం తేలిక.

మంగళవారం అంబులెన్సు వంటింటి వైపే వచ్చి నిలబడింది. కూతురు వచ్చింది. మేనేజరుతో ఆ సంగతి ఎత్తాను. "సార్, ఇది ఫ్యామిలీ డెసిషన్" అని చేతులు దులుపుకున్నాడు. ఆమె దగ్గరకు వెళ్లి తండ్రి కోరిక చెప్పాను.

ఆమె ముఖం తుడుచుకుని, "వద్దు మావయ్యా. గేటు మీద అంత బోర్డుంది. మా బాబాయి కొడుకులు వెనకాల కార్లో వస్తన్నారు. చూశారంటే నాన్నని ఇక్కడ పడేశానంటారు. వాళ్లొచ్చేలోగా వెనక గేటు నుంచి మా ఇంటికి తీసుకెళ్లిపోతాను, అంతే" అంది.

నా నాలుక ఎలాంటిదో ఇక్కడ అందరికీ తెలుసు. ఆమెను అక్కడికక్కడే కోసెయ్యగల మాటలు నోటి దాకా వచ్చాయి. బావ ఆమెను బంగారమన్నాడు కనుక మింగాను.

"మీ నాన్న ఇక్కడ దాక్కుని బతకలేదమ్మా. అడిగినవాడికల్లా అడ్రసు చెప్పుకునేవాడు. ఇప్పుడు దాక్కుని వెళ్లమంటే ఆయనకు చేతకాదు."

 ఆమె డ్రైవరు దగ్గరకు వెళ్లి, "బండి ముందుకి తిప్పన్నా" అంది.

దండలు తెప్పించే వ్యవధి లేదు. వరండాలో స్ట్రెచరు చుట్టూ మేం వట్టి చేతులతో నిలబడ్డాం. అంతలో లిఫ్టులోంచి సంఘం అధ్యక్షుడు దిగాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో ఆయన రిటైరైన రోజు కప్పిన శాలువా. మడత కూడా విప్పలేదు. దాన్ని విప్పి బావ మీద కప్పి, ఎవరి వైపూ చూడకుండా పక్కకు జరిగాడు. అది చూసి ఒక్కొక్కరే గదుల్లోకి వెళ్లారు. పోర్టువాళ్లు, స్టీలు ప్లాంటువాళ్లు, రైల్వేవాళ్లు, అందరి బీరువాల్లోనూ అలాంటిది ఒకటి ఉంటుంది. చలికి కప్పుకోరు, ఎవరికీ ఇవ్వరు. జరీవి, ఊలువి, ఎరుపు, పసుపు. నాది ఆకుపచ్చది. మీటింగులో చేతులెత్తినవాళ్లూ తెచ్చారు. చివరికి బావ ముఖం తప్ప ఏమీ కనబడలేదు.

డప్పులు లేవు. కర్రలు, వాకర్లు పట్టుకుని అంబులెన్సు వెంట ముందు గేటు దాకా నడిచాం. గేటు బయట ఒక కారు ఆగి ఉంది. తల్లికి గది చూడ్డానికి వచ్చిన కొడుకు. మేనేజరు పరుగెత్తి ఆ కొడుక్కి ఏదో సర్దిచెబుతున్నాడు. వెనక సీట్లో కూర్చున్న పెద్దావిడ అద్దం దించి, "ఎవరు బాబూ?" అని నన్ను అడిగింది.

"మా బావండి," అన్నాను.

ఆవిడ తలుపు తీసుకుని దిగింది. కొడుకు "అమ్మా, ఎండ" అంటున్నా వినకుండా చెప్పులు విడిచి మా వరసలో చివర నిలబడింది. అంబులెన్సు మెయిన్ రోడ్డెక్కి గాజువాక వైపు తిరిగింది. అది కనబడకుండా పోయేదాకా ఆవిడ, ఎన్నాళ్ల నుంచో ఎరిగిన మనిషికిలా, చేతులు జోడించి అటే చూస్తూ ఉంది.